రాత్రిపూట కంప్యూటరు ఆపాలా, ఉంచాలా?

వేసవి సెలవులు వచ్చాయంటే మా ఇంట్లో రెండు తగవులు తప్పవు. ఒకటి, మామిడిపండ్లు ఎవరికెన్ని అన్నది. రెండోది, రాత్రి పడుకోబోయే ముందు కంప్యూటరు ఆపాలా వద్దా అన్నది. మొదటి తగవు మా ఆవిడ చిటికెలో తీర్చేస్తుంది. రెండోదే ఏ ఏటికాయేడు వాయిదా పడుతూ ఉంటుంది.

“తాతయ్యా, ఆపకు. పొద్దున్నే మళ్లీ వెయ్యాలిగా! ఊరికే ఆపుతూ, వేస్తూ ఉంటే పాడైపోతుంది” అంటాడు బెంగళూరు నుంచి వచ్చిన మనవడు.

“రాత్రంతా ఆ గదిలో లైట్లు మిణుకుమిణుకుమంటూ ఉంటే బిల్లు ఎవరు కడతార్రా?” అంటుంది మా ఆవిడ. చివరికి ఇద్దరూ నా వైపు తిరుగుతారు. “ఏమండీ, బ్యాంకులో అన్నేళ్లు ఆ పెట్టెలతోనే వేగారు కదా, మీరే చెప్పండి.”

ఇది మా బరంపురం ఇంటి ప్రశ్న ఒక్కటే కాదు. మన సంఘం సభ్యుల్లో కంప్యూటరు లేని ఇల్లు ఇప్పుడు అరుదు. మద్రాసులో ఉన్న మా చెల్లెలి ఇంట్లో అది ఎప్పుడూ ఆగదు. యానాంలో ఉన్న మా బావగారు వానాకాలం వస్తే ప్లగ్గు కూడా పీకేస్తారు. ఎవరి వాదన వారిది. అంచేత నాకు తెలిసింది నాలుగు మాటలు రాస్తే పదిమందికి పనికొస్తుందనిపించింది.

జవాబు ముందే చెప్పేస్తాను: ఆపాలి. ఈ జవాబు నేను పుస్తకాల్లో చదివి నేర్చుకోలేదు. మా అమ్మ పాటలు కొన్ని శాశ్వతంగా పోగొట్టుకుని నేర్చుకున్నాను. ఆ సంగతి తరవాత చెబుతాను.

ఆపితే పాడవుతుందన్న మాట ఎక్కడిది?

మనవడి మాట పూర్తిగా తప్పని అనలేం. ఒకప్పుడు అందులో నిజం ఉండేది.

1980ల చివర్లో, 1990ల మొదట్లో మా బ్యాంకుల్లోకి లెడ్జరు పోస్టింగు యంత్రాలు, ఆ వెనకే కంప్యూటర్లు వచ్చాయి. వాటికో ప్రత్యేకమైన గది, ఆ గదికి ఏసీ. మేనేజరు గదికి లేని మర్యాద దానికి ఉండేది. చెప్పులు గుమ్మం బయట విడిచి, గుడిలోకి వెళ్లినట్టు లోపలికి వెళ్లేవాళ్లం. ఆ రోజుల్లో కొన్ని పాత రకం హార్డ్ డిస్కులను ఆపే ముందు ‘పార్క్’ అనే ఆదేశం ఇవ్వాలి. అంటే అక్షరాలు రాసే, చదివే చిన్న ముల్లును భద్రమైన చోటికి పంపించి, ఆ తరవాతే కరెంటు తీయాలి. మరిచిపోతే ఆ ముల్లు ఎక్కడ వాలుతుందో చెప్పలేం.

తరవాత వచ్చిన డిస్కుల్లో ముల్లు తనంతట తానే పక్కకు వెళ్లేది. అయినా ఆపిన ప్రతిసారీ అది తిరిగే పళ్లెం మీద వాలేది, వేసినప్పుడు పళ్లేన్ని రాసుకుంటూ పైకి లేచేది. అదీకాక, యంత్రం నడుస్తున్నంతసేపూ లోపలి భాగాలు వేడెక్కి కాస్త వ్యాకోచిస్తాయి, ఆపగానే చల్లబడి ముడుచుకుంటాయి. ఏళ్ల తరబడి ఇలా జరిగితే టంకం అతుకులు బలహీనపడవచ్చు. ఇంట్లో పాతకాలపు ఫిలమెంటు బల్బు ఎప్పుడు పోయేదో గుర్తు తెచ్చుకోండి. వెలుగుతూ ఉండగా కాదు, స్విచ్చి వేసిన క్షణంలో ‘టప్’మని పోయేది. చల్లగా ఉన్న తీగ గుండా మొదటి క్షణంలో మామూలుకంటే ఎన్నో రెట్లు కరెంటు దూసుకుపోవడమే దానికి కారణం. కంప్యూటరు కూడా అంతేనని మేమంతా నమ్మాం.

ఇప్పుడు లెక్క చూడండి. ఆ పాత రకం డిస్కుల్లోనే చాలావాటికి తయారుచేసినవాళ్లు ఇచ్చిన హామీ 40 వేలనుంచి 50 వేల సార్లు ఆపి వేయవచ్చని. రోజుకు ఒకసారి ఆపి వేస్తే ఏడాదికి 365 సార్లు. పదేళ్లకు 3,650. రోజుకు మూడుసార్లు ఆపినా పదేళ్లకు 11 వేలు దాటదు. ఆ పరిమితి చేరేలోగా కంప్యూటరే పాతబడి అటకెక్కుతుంది. తరవాతి తరం డిస్కుల్లో ముల్లు పళ్లేన్ని తాకనే తాకదు. పక్కనున్న చిన్న మెట్టు మీదికి ఎక్కి కూర్చుంటుంది. వాటిలో చాలావాటికి ఆ పరిమితి 3 లక్షల సార్లు, అంతకు పైమాటే.

అదే డిస్కును రాత్రంతా నడిపితే ఏమవుతుందో కూడా చూడాలి. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్కు ఎనిమిది గంటల్లో 34 లక్షల 56 వేల చుట్లు తిరుగుతుంది. ఎవరికోసం? ఫ్యాను కూడా రాత్రంతా గదిలోని దుమ్మును లోపలికి లాగుతూనే ఉంటుంది.

ఇక ఇప్పుడు వస్తున్న ఎస్సెస్డీల్లో తిరిగే పళ్లెమూ లేదు, ముల్లూ లేదు. వాటికి అరుగుదల రాతవల్ల వస్తుంది గాని, ఆపడంవల్ల కాదు. పైగా కంప్యూటరు లేవడానికి పావునిమిషమో, అరనిమిషమో చాలు. “మళ్లీ వెయ్యాలంటే కాఫీ తాగి రావాలి” అనే సాకు కూడా పోయింది.

కరెంటు లెక్క

మా ఆవిడ వాదనకు వద్దాం. మామూలు డెస్క్‌టాప్ కంప్యూటరు, మానిటరు ఆపేసి, ఏ పనీ లేకుండా ఊరికే నడుస్తుంటే సుమారు 60 వాట్లు తింటుందనుకుందాం. కొన్ని ఇంతకంటే తక్కువ తింటాయి. పిల్లలు ఆటలాడే పెద్ద కంప్యూటర్లయితే ఇంకా ఎక్కువ. రాత్రి ఎనిమిది గంటలకు 480 వాట్-అవర్లు, అంటే అర యూనిట్‌కు కాస్త తక్కువ. నెలకు 14 యూనిట్ల పైచిలుకు. ఏడాదికి 175 యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయల చొప్పున వేసుకున్నా వెయ్యి రూపాయలు దాటుతుంది.

“ఇంతేనా!” అనకండి. మన రాష్ట్రాల్లో చాలావాటిలో ఇళ్లకు కరెంటు ధర మెట్లు మెట్లుగా పెరుగుతుంది. అనవసరంగా కాల్చిన యూనిట్లు ఎప్పుడూ పై మెట్టులోనే చేరతాయి. తమిళనాట 2016లో ఇళ్లకు రెండు నెలలకు మొదటి 100 యూనిట్లు ఉచితం చేశారు. ఈ రాత్రి నడక ఒక్కటే అందులో 29 యూనిట్లు తినేస్తుంది. కర్ణాటకలో 2023లో మొదలైన గృహజ్యోతి పథకంలో నెలకు 200 యూనిట్లు పరిమితి. ఆ గీతకు దగ్గరలో ఉన్న ఇంటికి 14 యూనిట్లు చిన్న విషయం కాదు. మన దేశంలో ఒక యూనిట్ తయారీకి సగటున 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. 175 యూనిట్లంటే 120 కిలోల పైనే.

“ఆపి వేస్తేనే ఎక్కువ కరెంటు ఖర్చు” అని మరో మాట వినిపిస్తూ ఉంటుంది. ఇది ట్యూబులైటు గురించీ చెప్పేవారు. కంప్యూటరు లేచే రెండు నిమిషాల్లో 150 వాట్లు తిన్నదే అనుకోండి, మొత్తం 5 వాట్-అవర్లు. ఊరికే నడిచే కంప్యూటరు అంత కరెంటు ఐదు నిమిషాల్లో తినేస్తుంది. ఆపిన ఆరో నిమిషంనుంచీ లాభమే.

ఆ మే నెల రాత్రి

డబ్బు సంగతి అలా ఉంచండి. నా అసలు కారణం అది కాదు.

నేను 2006లో పదవీ విరమణ చేశాను. మా అమ్మకు పాటలు బాగా వచ్చు. ఆవిడ పుట్టిల్లు ఇచ్ఛాపురం. పెళ్లిలో వియ్యాలవారిని ఆటపట్టించే పాటలు, తలంబ్రాల పాటలు, అప్పగింతల పాటలు, లాలిపాటలు. వాళ్ల అమ్మ దగ్గర నేర్చుకున్నవి. ఇక్కడ మా పిల్లలు బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుకున్నారు. తెలుగు ఇంట్లో మాటకే మిగిలింది. ఈ పాటలు అమ్మతోనే పోతాయేమోనన్న భయంతో, ఆవిడ పాడుతుంటే నేను కంప్యూటరులో ఎక్కించడం మొదలుపెట్టాను. ఏడాదిన్నరలో 64 పాటలయ్యాయి. అమ్మ చదువుకోవడానికి వీలుగా మొదటి 20 పాటలు పెద్ద అక్షరాల్లో అచ్చుతీసి ఇచ్చాను. మిగతావి కూడా అన్నీ అయ్యాక తీద్దాంలే అనుకున్నాను.

2009 మే నెల. పగలంతా ఉడకపోత. రాత్రి రెండు గంటలప్పుడు కాలబైశాఖి గాలివాన విరుచుకుపడింది. ఈ ప్రాంతంవాళ్లకు అదేమిటో వేరే చెప్పక్కర్లేదు. ఆ రాత్రీ ఎప్పటిలాగే కంప్యూటరు నడుస్తూ ఉంది. బ్యాంకు రోజులనాటి నమ్మకం కదా, ఆపేవాణ్ణి కాదు. కరెంటు పోయింది. యూపీఎస్ కుయ్ కుయ్ మంటూ పది నిమిషాలు మొత్తుకుని ఉంటుంది. ఇంట్లో అందరం నిద్రలో ఉన్నాం. పైగా వాన చప్పుడు. బ్యాటరీ అయిపోగానే కంప్యూటరు ఉన్నపాటున ఆగిపోయింది. కరెంటు రాగానే తనంతట తానే లేచేలా అది అమర్చి ఉంది. లేవబోతుంటే మళ్లీ పోయింది. మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. తెల్లవారేలోగా ఎన్నిసార్లు అలా జరిగిందో నాకు తెలియదు.

పొద్దున్న స్విచ్చి వేస్తే తెర నల్లగా ఉంది. లోపలినుంచి టిక్కు, టిక్కు అని చప్పుడు. బాగుచేసే కుర్రాడు చెవి పెట్టి విని, “లాభం లేదండీ మాస్టారూ, డిస్కు పోయింది” అన్నాడు. పోయిన డిస్కులోంచి సమాచారం తీసేవాళ్ల దగ్గరికి పంపించాం. పళ్లెం మీదే గీతలు పడ్డాయని తిప్పి పంపారు.

అమ్మకు అప్పటికి 79 ఏళ్లు. సంగతి చెబితే నన్ను పల్లెత్తు మాట అనలేదు. “పోనీలేరా, మళ్లీ పాడతాను, రాసుకో” అంది. ఈసారి నోటు పుస్తకంలో రాసుకున్నాను. 17 పాటలు వచ్చాయి. మిగతావాటిలో కొన్నిటికి పల్లవి గుర్తుంది, చరణం లేదు. అప్పగింతల పాట ఒకటి సగం దాకా వచ్చి ఆగిపోయింది. రెండురోజులు గుర్తు చేసుకోవాలని చూసి, “రావడం లేదురా” అని ఊరుకుంది. 2011లో అమ్మ వెళ్లిపోయింది. 64 పాటల్లో నా దగ్గర మిగిలినవి 37.

గాలివాన నా చేతిలో లేదు. కాని ఆ రాత్రి కంప్యూటరు చేయవలసిన పని ఒక్కటీ లేదు. గోడ స్విచ్చి కట్టేసి ఉంటే ఆ డిస్కు బతికి ఉండేది. ఇంట్లో మనిషి మేలుకుని ఉంటే కరెంటు పోగానే పరుగెత్తి ఆపుతాడు. అందరూ నిద్రపోయాక నడిచే యంత్రానికి కాపలా ఎవరు?

పొయ్యి ఆర్పడం, నివురు కప్పడం

కంప్యూటరును ఆపడంలో మూడు పద్ధతులున్నాయి. మన పాతకాలపు వంటింటితో పోలిస్తే సులువుగా అర్థమవుతుంది.

స్లీప్ అంటే నిప్పు మీద నివురు కప్పడం. మధ్యాహ్నం వంటయ్యాక సాయంత్రానికి పనికొస్తుందని నిప్పు మీద బూడిద కప్పి ఉంచేవారు. ఊదగానే రాజుకునేది. అలాగే స్లీప్‌లో కంప్యూటరు ఒకటో, రెండో వాట్లతో పనినంతా జ్ఞాపకంలో పట్టుకుని ఉంటుంది. తాకగానే లేస్తుంది. భోజనానికి, బజారుకు, కునుకుకు వెళ్లేటప్పుడు ఇది చాలు. కాని డెస్క్‌టాప్‌లో కరెంటు పోయిందంటే దాచుకోని పని పోయినట్టే.

హైబర్నేట్ అంటే పని ఎక్కడిదక్కడ డిస్కులో రాసిపెట్టి పూర్తిగా ఆగిపోవడం. కరెంటు అక్కర్లేదు. పొద్దున్న వేస్తే నిన్న ఎక్కడ వదిలామో అక్కడే తెరుచుకుంటుంది. రాసుకునే పని మధ్యలో ఉన్నవాళ్లకు రాత్రిపూట ఇది మంచిది.

షట్ డౌన్ అంటే పొయ్యి ఆర్పి, అలికి ముగ్గు పెట్టడం. పని అంతా దాచుకుని ఆపేయడం. మామూలు ఇళ్లకు రాత్రిపూట ఇదే తగినది.

ఇక్కడొక చిన్న కిటుకుంది. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ‘ఫాస్ట్ స్టార్టప్’ అనే ఏర్పాటు ఉంది. అది ఉన్న కంప్యూటరును షట్ డౌన్ చేసినా, త్వరగా లేవడానికి వీలుగా లోపలి సంగతులు కొన్ని డిస్కులో దాచుకుంటుంది. అంచేత కంప్యూటరు మొరాయిస్తే షట్ డౌన్ చేసి వేయడంకంటే రీస్టార్టు చేయడమే మందు. వారానికోసారి రీస్టార్టు చేసే అలవాటు మంచిది.

గోడ దగ్గర పని

షట్ డౌన్ చేశాక లైట్లన్నీ ఆరేదాకా ఆగి, అప్పుడు గోడ స్విచ్చి కట్టేయండి. తెర మీద ‘అప్‌డేట్’ జరుగుతున్నట్టు కనిపిస్తే అది ముగిసేదాకా ఓపిక పట్టాలి. మధ్యలో స్విచ్చి కట్టేస్తే మంచికి పోయి చెడు తెచ్చుకున్నట్టే.

స్విచ్చి కట్టేస్తే కంప్యూటరు గడియారం ఆగిపోతుందేమోనని కొందరి భయం. లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. కొన్నేళ్లపాటు గడియారాన్ని అదే చూసుకుంటుంది. తేదీ తప్పు చూపడం మొదలైతే అది మార్చాలని గుర్తు. ఖర్చు స్వల్పం.

ఉరుములు, మెరుపులు ఉన్నప్పుడు స్విచ్చి చాలదు, ప్లగ్గే పీకాలి. మన ఇళ్లలో స్విచ్చి ఒక తీగనే తెంపుతుంది. రెండోది కలిసే ఉంటుంది. మా యానాం బావగారు చేసేది చాదస్తం కాదన్నమాట. ఇంటర్నెట్టు రాగి తీగమీద వస్తుంటే దాన్ని కూడా తీసేయాలి. పిడుగు ఆ దారినా రాగలదు. తుపాను రోజుల్లో కరెంటు వచ్చిన వెంటనే కంప్యూటరు వేయకండి. పదిహేను నిమిషాలు నిలకడగా ఉందనుకున్నాకే వేయండి.

ల్యాప్‌టాప్ వాడేవాళ్లు మూత మూసి పక్కన పెట్టినా తప్పులేదు. బ్యాటరీ ఉంది కాబట్టి కరెంటు పోయినా పని పోదు. కాని పరుపు మీద, దిండు మీద పెట్టి చార్జింగుకు తగిలించి పడుకోకండి. గాలి ఆడక వేడెక్కుతుంది. లిథియం బ్యాటరీకి వేడీ, ఎప్పుడూ నిండుగా ఉండడమూ రెండూ పడవు. 80 శాతం దగ్గర చార్జింగు ఆగే ఏర్పాటు చాలావాటిలో ఉంది. అది పెట్టుకోండి.

ఎప్పుడు ఉంచవచ్చు?

పని ఉన్నప్పుడు ఉంచవచ్చు. పెళ్లి వీడియో విదేశాల్లో ఉన్న పిల్లలకు పంపాలి, రాత్రంతా పడుతుంది. పాత ఫొటోలన్నీ మరో డిస్కులోకి నకలు తీయాలి. ఇలాంటప్పుడు ఉంచండి. మానిటరు ఆపేయండి. మంచి యూపీఎస్ ఉండాలి. బ్యాటరీ తగ్గగానే కంప్యూటరు తనంతట తానే పద్ధతిగా ఆగిపోయేలా యూపీఎస్‌కూ దానికీ మధ్య తీగ కలిపే ఏర్పాటు ఉంటే మరీ మంచిది. గాలివాన సూచన ఉంటే ఆ పని మరో రాత్రికి వాయిదా వేసుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. ఆపినా, ఉంచినా, ఏదో ఒకనాడు ప్రతి డిస్కూ పోతుంది. పోతే తిరిగి రానిది మీ కంప్యూటరులో ఏముందో ఈ రాత్రే చూసుకోండి. తాతగారి ఉత్తరాల ఫొటోలు కావచ్చు, పాప మొదటి మాటలు కావచ్చు. దాన్ని ఇంకో రెండు చోట్ల దాచండి. ఆ రెంటిలో ఒకటి మీ ఇంట్లో కాక మరో ఊళ్లో ఉన్నవాళ్ల దగ్గర ఉండాలి.

అమ్మ పాటలు 37 ఇప్పుడు మా కంప్యూటరులో, బెంగళూరులో మా అబ్బాయి దగ్గర, మద్రాసులో మా చెల్లెలి దగ్గర ఉన్నాయి. నోటు పుస్తకం బీరువాలో ఉంది. క్రితం వేసవిలో మనవడికి ఈ కథంతా చెప్పాను. ఏమీ అనలేదు. ఆ రాత్రి పడుకోబోతూ నేను గదిలోకి వెళ్లేసరికి వాడే షట్ డౌన్ చేసి, లైట్లు ఆరేదాకా నిలబడి ఉన్నాడు. “తాతయ్యా, గోడ స్విచ్చి కూడానా?” అని అడిగాడు.

“అవునురా, అది కూడా” అన్నాను.

ఇచ్ఛాపురం వైపు అప్పగింతల పాటలు పూర్తిగా వచ్చిన పెద్దలు ఈ పత్రిక పాఠకుల ఇళ్లలో ఎవరైనా ఉంటే, దయచేసి వారిచేత పాడించి రాసి ఉంచండి. అమ్మ మరిచిపోయిన చరణాలు వాటిలో ఉన్నా ఉండవచ్చు.